దూది పక్కన కర్పూరం

పదేళ్ల కిందట గజపతినగరంలో ఒకే రేకుల షెడ్డులో ఒక పక్క నా ప్రింటింగ్ ప్రెస్, మరో పక్క మా బావ పరుపుల దుకాణం ఉండేవి. మధ్యన ప్లైవుడ్ అడ్డు మాత్రమే. ఇద్దరూ ఇన్సూరెన్స్ చేయించుకోవాలని ఏజెంటు చెబితే బావ కస్సుమన్నాడు.

"కొత్త దుకాణంలో కూకుని అగ్గి మాటెత్తుతావేటి? గుమ్మడికాయ కట్టినాను, సాల్దా?"

పక్కన దూది ఉందని రాయించి నా ప్రెస్సుకు మాత్రం పాలసీ తీసుకున్నాను. ఆ ఏడాదే ఒక అమావాస్యనాడు బావ దిష్టి తీస్తుంటే, గుమ్మడికాయ మీది కర్పూరం దూదిలో పడింది. షెడ్డంతా బూడిదైంది. కంపెనీ నా నష్టం చెల్లించింది. బావకు ఏమీ మిగల్లేదు.

ఓదార్చడానికి వెళితే అందరి ముందూ నా మీద విరుచుకుపడ్డాడు.

"ఒరే, కాలిపోద్దని నువ్వు కాయితం రాయించినావు గనకే కాలిపోనాది!"

చదువుకున్నవాళ్లు కూడా తలలూపారు! కళ్లెదుటి కారణాన్ని వదిలేసి అపశకునాన్ని వెతికే ఆ తలలు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అక్క మాత్రం ఊరుకోలేదు.

"కర్పూరం ఎలిగించింది మీరు. ఆడ్ని అంటారేటి?" అని మొగుణ్ణి నిలదీసింది. తన బంగారు గాజులు అమ్మి మళ్లీ దుకాణం పెట్టించినప్పుడు, పూజారి కన్నా ముందు ఏజెంటుకు కబురు పెట్టింది ఆమే.