అన్నయ్య చెయ్యీ, అమెరికా డిస్కూ

అన్నయ్య కుడిచెయ్యి ఆటోనగర్‌లో లేత్ మిషన్‌కి చిక్కి నలిగిన ఏడాది నేను సరిగ్గా నిద్రపోయిన గుర్తు లేదు. పొద్దున కోచింగ్ కాలేజీలో పిల్లలకి కెమిస్ట్రీ, మధ్యాహ్నం సిటీ బస్సులో అన్నయ్యని థెరపీకి తీసుకెళ్లడం, సాయంత్రం మళ్ళీ కెమిస్ట్రీ. మధ్యలో వంట. అమ్మ ఉయ్యూరు నుంచి వచ్చి కొన్నాళ్లుంది. తరవాత అక్కడ షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసే నాన్నకి క్యాంటీన్ తిండి పడటంలేదని తెలిసి వెళ్లిపోయింది. కొడుకు చెయ్యికన్నా మొగుడి కడుపు ఎక్కువైంది కాబోలు అని అప్పట్లో గొణుక్కున్నాను. ఇప్పుడైతే గొణుక్కోను. ఆవిడా అలిసిపోయే ఉంటుంది.

వేళ్లు ఐదూ దక్కాయి, కుట్లూ మానాయి. బొటనవేలూ చూపుడువేలూ మాత్రం చెప్పిన మాట వినడంలేదు. అవి వినకపోతే లేత్ దగ్గర నిలబడటం కుదరదు, లేత్ తప్ప అన్నయ్యకి ఇంకో పని రాదు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని మంచం కిందకి దొర్లించేసి, చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"ఇంట్లో చెయ్యడంలేదు కదండీ," అంది థెరపీ మేడం నాతో. "ఆ వేళ్లకి ఇష్టమైన పనేదన్నా చూడండి. మనం చెప్పకుండానే చేసేది."

అన్నయ్య బొటనవేలికి ఇష్టమైన పని నాకు తెలుసు. చిన్నప్పుడు ఉయ్యూరులో మా ఇంట్లో టీవీ గేమ్ ఉండేది. దాని క్యాసెట్ మీద తొమ్మిదులు వరసగా వేసి అన్ని ఆటలున్నాయని రాశారు. తీరా చూస్తే ఉన్నవి ఏడో ఎనిమిదో, వాటినే పేర్లు మార్చి మళ్ళీ మళ్ళీ పెట్టారు. పేరు గొప్ప ఊరు దిబ్బ. అందులో ఎర్ర చొక్కావాడు గోతులు దూకుతూ పరిగెత్తే ఆట అన్నయ్య సొంతం. ఆటలో చచ్చాక రిమోట్ నాకిస్తాననేవాడు, వాడు చస్తేగా! నేను పక్కన కూర్చుని ఆ ఆట వెనక మోగే పాట కూనిరాగం తీస్తూ వేసవి సెలవులన్నీ గడిపేశాను. ఆడటం నాకు రాలేదు, పాట మాత్రం పూర్తిగా వచ్చింది.

గవర్నర్‌పేటలో ఒక షాపాయన దగ్గర సెకండ్ హ్యాండ్ టీవీ గేమ్ మిషన్ కొన్నాను. పాత ఆటలన్నీ ఒక్క డిస్కులో పెట్టి కంపెనీవాళ్లు మళ్ళీ అమ్ముతున్నారట. అట్ట మీద ఎర్ర చొక్కావాణ్ణి చూసి నా ప్రాణం లేచొచ్చింది. చిప్పు వేయించాం మేడం, ఏ దేశం డిస్కయినా తీసుకుంటుంది అని ఆయన గొప్పగా చెప్పాడు. మనకెందుకులే దేశాల గొడవ అనుకున్నాను.

అన్నయ్య మొహం చాలా రోజుల తరవాత వెలిగింది. కానీ మొదటి గోతిలోనే పడ్డాడు. మళ్ళీ ఆడాడు, మళ్ళీ అందులోనే. మర్నాడూ అంతే. చిన్నప్పుడు కళ్లు మూసుకుని దాటిన గొయ్యి అది.

"చెయ్యి పోయిందే," అన్నాడు రిమోట్ పక్కన పెట్టేసి. "ఊరికే అందరూ నాకు అబద్ధాలు చెబుతున్నారు. రేపట్నుంచి థెరపీకి రాను."

రాలేదు కూడా. నేను తెచ్చిన మందే విషమైందని నాకు ఏడుపొచ్చింది. అయినా వాడు ఆ ఆటని వదల్లేదు. పడటానికే ఆడుతున్నట్టు, కసిగా ఆడేవాడు.

ఒక ఆదివారం వంటింట్లో బెండకాయలు తరుగుతూ, ముందుగదిలోంచి వస్తున్న పాటతో పాటు నేనూ కూనిరాగం తీస్తున్నాను. నేను చివరికి రాకుండానే అక్కడ పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. ఇంకోసారి జాగ్రత్తగా అందుకున్నాను. మళ్ళీ నన్ను దాటిపోయింది. ఆ పాట విషయంలో నేను పొరపడే మనిషిని కాను. కత్తిపీట మీంచి లేచి, చెయ్యయినా కడుక్కోకుండా వెళ్లి డిస్కు బయటికి తీశాను. అది పట్టుకుని షాపుకెళ్లి, పాట ఎందుకు పరిగెడుతోందని అడిగాను.

"అది అమెరికా డిస్కండీ," అన్నాడు షాపాయన తీరిగ్గా. "అదే పేరుతో యూరప్‌ది వేరే వస్తుంది. దీంట్లో ఉన్న ఒకట్రెండు ఆటలు దాంట్లో ఉండవు, దాంట్లోవి దీంట్లో ఉండవు. స్పీడు కూడా తేడా. వాళ్ల టీవీల పద్ధతి వేరు కదండీ, ఇది గబగబా పోతుంది."

"మరి మన పాత టీవీ గేములు?"

"మన టీవీలు యూరప్ పద్ధతేనండి. మా షాపుకొచ్చినవన్నీ నెమ్మదివే."

యూరప్ డిస్కు మార్చుకుని ఏలూరు రోడ్డు మీద పడి నడుస్తుంటే నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ మా ఇంట్లో ఏడుపుకి కారణం అమెరికా టీవీ!

ఆ డిస్కులో అన్నయ్య మొదటి గొయ్యి దాటాడు. రెండోదీ, మూడోదీ దాటాడు. బొటనవేలు వణుకుతూనే ఉంది గానీ సమయానికి నొక్కుతోంది. ఆనందం పట్టలేక సంగతంతా చెప్పేశాను. వాడు టీవీ కట్టేశాడు.

"అంటే నెమ్మదిగా పోయేదైతేనే గెలుస్తానన్నమాట. లేత్ నాకోసం నెమ్మదిగా తిరుగుద్దా?"

అప్పుడు నా సహనం తెగిపోయింది. "చిన్నప్పుడు నువ్వు మొనగాడివైందీ ఈ నెమ్మదిలోనే అన్నయ్యా. అప్పుడెంత వేగంగా నొక్కావో ఇప్పుడూ అంతే వేగంగా నొక్కావు. నీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. వాడుకుంటావో, ఒళ్లో పెట్టుకు కూర్చుంటావో నీ ఇష్టం. ఇంక నావల్ల కాదు, నాకు ఓపిక లేదు," అని అక్కడే కూలబడి ఏడ్చాను. నేను అలిసిపోయానని వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

మర్నాడు మధ్యాహ్నం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అన్నయ్య చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. "నువ్వు రావద్దు, నేనెళ్లొస్తా. బస్సెక్కడం మర్చిపోలేదులే," అన్నాడు. లేత్ దగ్గరికి తిరిగి వెళ్లడానికి ఆ తరవాత ఇంకా చాలాకాలం పట్టింది. ఆ రోజు మాత్రం సాయంత్రం క్లాసుకి రానని ఫోన్ చేసి, చాప పరుచుకుని పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. వంటింట్లో అన్నయ్య కుడిచేత్తో పట్టకారు పట్టుకుని గ్లాసుల్లోకి టీ వంచుతున్నాడు. సగం గట్టు మీదే పోసేశాడు. తుడుద్దామని లేవబోతే, "నువ్వు కూర్చో," అన్నాడు. కూర్చున్నాను.