బావ మళ్ల ముట్టని ఇంజన్

బావ పోయిండన్న మాట నాకు ముల్చేర ఊర్ల తెలిసింది. అక్కడ ఒక పిండిగిర్ని మోటరు బాగుచేస్తున్న. సిరొంచ నుంచి వచ్చిన బస్సు డ్రైవరు దిగి నా దగ్గరికి నడిచొచ్చి, "మీ బావ పొద్దుగాల పోయిండట. ఈ బస్సే తిరిగి పోతది, ఎక్కు" అన్నడు. కామెర్లు ముదిరినయని తెలుసు. ఇంత జల్ది పోతడనుకోలే.

ఇంటికి పోయేసరికి వాకిలి నిండ మంది. మా అక్క గోడకు ఆనుకొని కూసుంది. ఒక పెద్దమనిషి అందరికీ వినపడేటట్టు చెప్తున్నడు: "జపాన్ కారు ఇంజన్ విప్పి దాని దమ్ము పెంచిన మొనగాడు. సిరొంచ పేరు నిలబెట్టిండు." నలుగురు తలలూపిండ్రు. బావకు ఆ ఇంజన్ పేరెత్తితే అన్నం సయించకపోయేది. బతికుంటే ఆ మాటకు లేచి బయటికి నడిచిపోతుండె. అందుకే ఇది రాస్తున్న. ఆయనకు రోత పుట్టించిన పనే ఆయన గొప్పతనమని ఊరు చెప్పుకుంటుంటే నేను చూస్తూ ఊకోలేను.

బావ మెత్తటి మనిషి కాదు. ప్రతిదానికి మొహం చిట్లించేది. చాయ్ గిలాసల వేలు ముంచి తెస్తే ఆ చాయ్ పారబోసేది. ఎవడన్న సరిపోని పానా పెట్టి బోల్టు మూలలు అరగ్గొడితే, ఆ బోల్టును అరచేతిల పెట్టుకొని చచ్చిన ఎలుకను చూపెట్టినట్టు వచ్చినోళ్లందరికి చూపెట్టేది. తన చేతిపని మీద గర్వం గూడ గట్టిగనే ఉండె. ఎవరన్న మెచ్చుకుంటే వద్దనకపోయేది. "అవును, బాగనే చేసిన" అనేది.

ఆయన షెడ్డు అహేరి పోయే తొవ్వల ఉండె. నేను ఇనుము చెక్కే లేతు మిషను నడుపుతుంటి, ఆయన ఇంజన్లు చూసేది. మా పని శానమట్టుకు ఒక్క సేటు లారీలతోనే నడిచేది. తునికాకు, కట్టె గుత్తకు పట్టే సేటు. ఆయన ఒక ఎండకాలం బొంబాయిల వేలంల కొన్ననని జపాన్ కారు తెచ్చిండు. ఎర్రగ, నేలకు అంటినట్టు ఉంది. మా తొవ్వల గుంతలకు ఆ కారేందని అందరం నవ్వుకున్నం. బావ నవ్వలే. బానెట్ ఎత్తి చూసి, అట్లనే నిలబడిపోయిండు.

ఆ ఇంజన్ వేరే తీరుది. మామూలు ఇంజన్ల పిస్టన్లు కిందికి మీదికి కొట్టుకుంటయి, వాల్వులు తెరుచుకుంట మూసుకుంట ఉంటయి. దీంట్ల పిస్టనూ లేదు, వాల్వూ లేదు. కోలగ ఉన్న గూట్లె సమోసా అసొంటి మూడు మూలల ఇనుపముద్ద గిర్రున తిరుగుతది. పక్క పలకలకు రంధ్రాలుంటయి, పోర్టులంటరు. గాలి, పెట్రోలు వాటి నుంచే లోపలికి పోతయి. ముద్ద తిరుగుకుంట తన పక్కతోని వాటిని మూస్తది, తెరుస్తది. పోర్టు పెద్దగ చేస్తే గాలి ఎక్కువ పోతది, దమ్ము పెరుగుతది. సేటు అడిగింది అదే.

బావ ఆ పనిల మునిగిపోయిండు. గీత కనపడాల్నని పలకలకు నీలం పూసి, డాల్డా డబ్బా రేకు కత్తిరించి కొలత చేసుకొని, గీత గీసిండు. మొదలు గ్రైండరు, ఆ తర్వాత ఆకురాయి. ఎక్కువ అరగదీస్తే వెనుకనున్న, ఇంజన్‌ను సల్లబరిచే నీళ్ల దారి బయటపడ్తది, లేకుంటే ముద్ద మూలకు సందు మూసే సీలు పోర్టుల పడి ఇంజన్ తిరగకుండ పట్టేస్తది. నేను తొందరపెడితే, "తీసిన ఇనుము మళ్ల రాదు, జర ఆగు" అనేది. అన్నం పళ్లెం ముందట పెట్టుకొని గూడ వేలుతోని గాలిల ఆ వంపు గీసుకునేది. అక్క చూసి, "అన్నం తింటున్నవా, ఇనుము తింటున్నవా" అని అడిగింది.

ఇంజన్ బిగించి స్టార్ట్ చేస్తే షెడ్డు రేకులు దడదడలాడినయి. సేటు సైలెన్సరు గూడ తీయించిండు. ఎక్సలేటరు మీదికెల్లి కాలు ఎత్తినప్పుడల్ల కాలని పెట్రోలు పొగగొట్టంల అంటుకొని ఢామ్మని పేలేది. కండ్లు మండే పొగ. బావ మాత్రం కొత్త పెండ్లికొడుకు లెక్క నవ్విండు.

పరీక్షకని సేటు మమ్మల్ని ఇద్దరిని ఎక్కించుకొని రేగుంట దిక్కు పోయిండు. బావ ముందు, నేను వెనుక ఇరుక్కొని కూసున్నం. తొవ్వ పక్కన ఒక ముసలమ్మ నెత్తి మీద తునికాకు మూట పెట్టుకొని ఆకు కొనే కల్లానికి పోతుంది. సేటు ఆమె పక్కకు రాంగనే కాలు ఎత్తిండు. ఢామ్మన్నది. ఆమె మూటతో సహా కాలువల పడింది. సేటు ఆపలే. స్టీరింగు మీద కొట్టుకుంట, కండ్లల నీళ్లొచ్చేటట్టు నవ్వుతున్నడు.

"చూసినవా ఉస్తాద్, ముసల్ది ఎట్ల ఎగిరిందో."

"ఆపు" అన్నడు బావ.

"అరే, ఏం కాలే ఆమెకు. మన పేలుడు చూడు ముందు."

"కారు ఆపు సేటు."

ఆ గొంతుకు ఆపిండు. బావ దిగి, తొవ్వ పక్కన వంగి వాంతి చేసుకున్నడు. నోరు తుడుచుకొని వెనుకకు నడిచిండు. నేను ఆయనెంట పోయిన. కారు మమ్మల్ని విడిచిపెట్టి పోయింది.

ముసలమ్మ కాలువల కూసొని ఎడమచేత్తోని ఆకులు ఏరుకుంటుంది. కుడి మణికట్టు వాచి వేలాడుతుంది. బావను చూసి గోండిల ఏదో అడిగింది. బావకు ఆ భాష కొద్దిగ వచ్చు. నేను అడిగిన, "ఏమంటుంది బావా?"

"బండి పేలింది గదా, లోపలున్నోళ్లకు దెబ్బలేమన్న తగిలినయా అని అడుగుతుంది" అన్నడు.

తువ్వాల చింపి ఆమె చెయ్యి కట్టిండు. ఆకుమూట నేను మోసి కల్లంల దించిన. వచ్చిన ఎడ్లబండిల ఆమెను సిరొంచ దవాఖానకు తీస్కపోయినం. ఎముక విరిగిందని అక్కడ చెప్పిండ్రు. ఇంటికొచ్చి బావ బాయికాడ కూసొని చేతులు రుద్దుకుంటనే ఉన్నడు. కిర్సనాయిలు, సబ్బు, మళ్ల కిర్సనాయిలు. అక్క పోయి సబ్బు గుంజుకుంటే, "వాసన పోతలేదు" అన్నడు.

కొన్ని రోజులకు సేటు మళ్ల కారు తెచ్చిండు.

"పోర్టులు ఇంకొంచెం తెరువు ఉస్తాద్. ఇంకా గట్టిగ పేలాలె."

"నేను చెయ్య."

"ఎందుకు, ఇంజన్ పగుల్తదా?"

"పగలదు. ఇంకొంచెం తెరువొచ్చు. నేను చెయ్య."

"మరేంది పరేషాన్?"

బావ పానా కింద పెట్టిండు. "నిన్ను చూస్తే రోతైతాంది సేటు. నీ బండిని చూస్తే రోతైతాంది. దాన్ని నవ్వుకుంట చేసిన నన్ను చూసుకుంటే ఇంకా రోతైతాంది. తీస్కపో."

సేటు షెడ్డుల ఉన్న తన లారీల దిక్కు చూసి, "లారీలు గూడ తీస్కపోవాల్నా?" అన్నడు.

"అవి గూడ తీస్కపో."

పొద్దుగూకేసరికి షెడ్డు ఖాళీ అయింది. బజార్ల అందరు బావకే తిక్క అన్నరు. ముసలమ్మ చెయ్యి విరిగిన సంగతి ఒక్కరు ఎత్తలే. తర్వాత సేటును ఏదో సభల కుర్సీ మీద కూసోబెట్టి దండేసిండ్రు. ముందటి వరుసల చప్పట్లు కొట్టినోళ్లు బావ పోయిననాడు మా వాకిట్ల గూడ కనపడ్డరు, తలలూపుకుంట.

సేటు వేరే ఊరి మెకానిక్ తోని పోర్టులు తెరిపించిండు. వాడు గీత దాటిండు. సీలు పోర్టుల పడి ఇంజన్ పట్టేసింది. విప్పిన ఇంజన్‌ను గోనెసంచుల వేసి బావకు పంపిండు, ఏం కావాల్నంటే అది ఇస్తనని కబురు చెప్పి. బావ సంచి దగ్గర నిలబడ్డడు. సంచి మూతి మీదికి చెయ్యి పోయింది, మళ్ల వెనుకకొచ్చింది.

"ఎక్కడ తప్పు కోసిండో ఒక్కసారి చూద్దామా?" అన్న నేను.

"చూస్తే చెయ్యబుద్ధైతది. వద్దు" అన్నడు. తెచ్చిన బండిలనే సంచులు ఎక్కించి పంపిండు.

ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన మొదటి పని ఒక కుట్టుమిషను. మసీదు సందుల ఉండే దర్జీ చాచా దాన్ని కాళ్లతో సహా తోపుడుబండి మీద పెట్టుకొని తెచ్చిండు. "తొక్కుతే కిర్రుమంటుంది భాయ్, దారం తెంపుతుంది" అన్నడు. అప్పటిదాక బండి ఇంజన్లు తప్ప వేరేది ముట్టని బావ, నేల మీద బాసిపట్లేసుకొని కూసొని దాన్ని మెల్లగ విప్పిండు. లోపల నూనెల నాని నల్లబడ్డ దారం ఉండను పుల్లతోని తీసి, మొహం చిట్లించి, దూరం విసిరేసిండు. తుడిచి, నూనె వేసి, బిగించి, స్టూలు జరుపుకొని మిషను ముందు కూసున్నడు. పాత గుడ్డముక్క సూది కింద పెట్టి తొక్కుడు మొదలువెట్టిండు. మిషను చప్పుడు చెయ్యలే. దర్జీ చాచా, "బస్ భాయ్, బాగైంది" అన్నడు. బావ వినలే. అంత పెద్ద మనిషి మోకాళ్లు పైకి లేపుకొని, గడ్డం ఛాతికి ఆనించుకొని, తొక్కుకుంటనే ఉన్నడు. తెల్లటి కుట్టు తిన్నగ గుడ్డ చివరిదాక పోయి, గుడ్డ అయిపోయినంక ఉత్త దారమై బల్ల మీదికి జారుతుంది.