నాయనమ్మకు మస్తాన్‌బీని లేకుండా చేశారు

మా చిన్నప్పుడు... వేటపాలెంలో మా నాయనమ్మ ఇంటి అరుగు మీద రెండు పీటలు ఎదురెదురుగా ఉండేవి. ఒకటి నాయనమ్మ సువార్తమ్మది... రెండోది మస్తాన్‌బీ మామ్మది.

జీడిపప్పు ఫ్యాక్టరీలో వాళ్ళు కూర్చున్న తీరే అది. పప్పు మీద పొట్టు తీసే ఆడవాళ్ళు ఇద్దరేసి ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో ఒక చేట. పెళ్ళయిన కొత్తలో కూర్చున్న ఆ ఇద్దరూ చూపు మందగించేదాకా లేవలేదు.

పని మానేశాక కూడా చేతులు ఊరుకుంటేగా! వీధిలో వాళ్ళు కొత్త చింతపండు తెచ్చి వాళ్ళ మధ్య పోసేవాళ్ళు. వీళ్ళిద్దరూ ఊరికే గింజ తీసిపెట్టేవాళ్ళు... ఆ వంకన కబుర్లు.

"ఏంటే సువార్తా, గింజలు తీస్తన్నావా, ప్రార్థన చేస్తన్నావా? చెయ్యే కదలదు!"

"నీ నోరు ఆగితే నా చెయ్యి కదులుద్దిలేవే!"

తెనాలిలో ఉద్యోగం చేసే మా పెదనాన్నకు ఇదంతా నామోషీ అయిపోయింది. "ఊళ్ళోవాళ్ళ చింతపండు మా అమ్మ ఒలవాలా? ఇంక విశ్రాంతిగా ఉండాలి" అని తనతో తీసుకుపోయాడు. సోఫా, టీవీ, బీపీ మిషను... అన్నీ అమర్చాడు.

విశ్రాంతి అంట! మనిషిని మనిషి నుంచి ఊడబెరికి, దానికి ఎంత మంచి పేరు పెట్టుకున్నారో చూడండి.

మస్తాన్‌బీ మామ్మ ఒకసారి చింతపండు మూట కట్టుకుని ప్యాసింజరు రైలెక్కి తెనాలి వచ్చింది. ఇద్దరూ హాల్లో నేల మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టారు. ఇంతలో పెదనాన్న ఆఫీసు నుంచి వచ్చాడు.

"ఏంటి పిన్నీ ఇది... అపార్ట్‌మెంట్లో ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారండి? మాట్లాడాలంటే ఫోన్ చేసుకోండి."

మర్యాదగానే అన్నాడు. ఆమె మూట కట్టుకుని "వస్తానే" అని లేచింది. మళ్ళీ రాలేదు. ఫోన్లో వాళ్ళు ఏం మాట్లాడుకుంటారు? "తిన్నావా", "తిన్నా"... అంతే. చేతిలో పని లేనిదే వాళ్ళకు మాట రాదు.

మొన్న పెదనాన్న రిటైర్‌మెంట్ ఫంక్షన్ జరిగింది. మైకు పట్టుకుని "ఈ వయసులో స్నేహితులే మందు! అందుకే పొద్దున్నే మా వాకింగ్ బ్యాచ్‌ని వదలను" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. నాయనమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది...

భోజనాల దగ్గర మస్తాన్‌బీ మామ్మ కొడుకు కనిపించాడు. "అమ్మ పోయి ఆర్నెల్లయిందమ్మా. పోయిన రోజు పొద్దున్నే మీ పెదనాన్నకు ఫోన్ చేశా. సువార్తమ్మ పెద్దమ్మ వచ్చుద్దేమోనని సాయంత్రం దాకా ఆగాం" అన్నాడు.

నేను నేరుగా పెదనాన్న దగ్గరికి వెళ్ళి, నాయనమ్మకు ఎందుకు చెప్పలేదని అడిగేశాను.

"బీపీ పెరుగుద్దని చెప్పలేదమ్మా. నీకు తెలీదు, ఊరుకో."

ఊరుకోను! ఆమె బీపీని కాపాడారు సరే... ఆమె ఏడుపును ఆమెకు దక్కకుండా చేసే హక్కు ఎవరిచ్చారు మీకు?

ఆ సాయంత్రమే నేను చెప్పేశాను. నాయనమ్మ ఏడవలేదు. ఒక్కటే మాట అంది... "నేను ఒక్కసారన్నా రాలేదని కోపం పెట్టుకునే పోయుంటదే అమ్మడూ..."

అప్పట్లో ముసలితనానికి సాటి మనిషి తోడుండేది... ఇప్పుడు గదికో ఏసీ ఉంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే మాత్రల పేర్లు మీకు కంఠస్థమే కదా? వాళ్ళ స్నేహితుల పేర్లు కూడా వచ్చా? వస్తే కింద రాయండి... రాకపోతే ఇది చదవడం ఆపి, వెళ్ళి అడగండి. వాళ్ళింకా బతికుండగానే.