ఓ నెగటివ్ పేజీలో మొదటి పేరు

మా సార్ పోయారని మల్కాజ్‌గిరి స్టేషన్‌లో లోకల్ కోసం నిల్చున్నప్పుడు తెలిసింది. ఇన్‌స్టిట్యూట్‌లో నాతో పనిచేసే ఒకాయన ప్లాట్‌ఫాం మీద కనిపించి చెప్పాడు. గుండెపోటట. నేనెక్కాల్సిన బండి వచ్చి వెళ్లిపోయింది.

మెట్టుగూడలో మేడ మీద రెండు గదుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఆయనది. శ్రీకాకుళం నుంచి డిగ్రీ కాగితం పట్టుకొచ్చిన నాకు ముందు పాఠం, తర్వాత ఉద్యోగం ఇచ్చారు. ఊరంతా కొత్త కోర్సుల వెంట పడ్డ రోజుల్లో ఆయన సొంతంగా రక్తదాతల వెబ్‌సైట్ ఒకటి నడిపేవారు. ఒక్కో బ్లడ్ గ్రూపుకి ఒక్కో పేజీ. ఓ నెగటివ్ పేజీలో మొదటి పేరు ఆయనదే, ఇంటి ఫోన్ నంబర్‌తో సహా.

రోజూ పొద్దున్నే వరసన కొంతమంది దాతలకు ఫోన్ చేసేవారు. "ఊళ్లనే ఉన్నరా? పానం మంచిగున్నదా?" తర్వాత అదే లైన్ మీద ఇంటర్నెట్ కలిపి, పేజీలన్నీ కొత్తగా తయారుచేసి ఎక్కించేవారు. ఇక రోజంతా ఎవరు తెరిచినా ఆ తయారుగా ఉన్న పేజీలే.

నాకది పాత చింతకాయ పచ్చడిలా ఉండేది. "ఎవరు అడిగితే అప్పుడు డేటాబేసులోంచి తీసి చూపిద్దాం సార్. ఎప్పటికప్పుడు తాజాగా ఉంటుంది" అన్నాను.

"వచ్చినోల్లందరికీ మల్ల మల్ల పొయ్యి ముట్టిస్తవా? పొద్దుగాల వండి పెడితే ఎవరొస్తే వాళ్లు తిని పోతరు. అయినా మనిషి పోయిండని నీ డేటాబేసుకు ఎవలు చెప్తరు? ఫోన్ జేస్తెనే గద తెల్సేది."

వింటేనా నేను. ఆయన చుట్టాల పెళ్లికని ఊరెళ్లినప్పుడు చెప్పకుండా మార్చేశాను. మూడో రోజు డేటాబేసు మొరాయించింది. ఆస్పత్రి నుంచి పరిగెత్తుకొచ్చిన ఒకావిడ మా తెర ముందు కూర్చుని ఆ ఖాళీ తెల్లదనం వంక చూస్తూ ఉండిపోయింది. ఆ చూపు నన్నింకా వదల్లేదు. ఊరి నుంచి అప్పుడే దిగిన సార్ గోడకున్న దాతల పేజీ పాత ప్రింటు చూసి నంబర్లు చెప్పారు. రక్తం దొరికింది. నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పాత పేజీలు పెట్టు. ఇంకోటి, ఫోన్ జెయ్యకుండ ఎవ్వరి పేరు సుత తీసెయ్యకు" అన్నారంతే.

ఆయన పోయాక ఆ పేజీలు అలాగే ఆగిపోయాయి. తెరిచినప్పుడల్లా మొదటి పేరు ఆయనదే. కింద "ఈ ఉదయం సరిచూసినది" అన్న ఆయన మాట. నాకు పాస్‌వర్డ్ తెలుసు, ఆ పేరు మాత్రం తీసెయ్యలేదు.

పదకొండో రోజున వాళ్లింటికెళ్తే సార్ భార్య, మా మేడం, నన్ను పక్కకు పిలిచారు. "సార్ కోసం ఫోన్లొస్తున్నయ్ బిడ్డా. రక్తం గావాల్నట. ఏం చెప్పాల్నో తెలుస్తలేదు."

అవతల ఎవరికో ప్రాణం మీదికొస్తే, నా పిరికితనం వల్ల ఒక ఫోన్ వృథాగా పోతోందన్నమాట. సిగ్గేసింది. మర్నాడు పొద్దున్నే ఇన్‌స్టిట్యూట్‌లో ఆయన కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. పేరు తీసే ముందు ఆయన చెప్పినట్టే ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. మేడం ఎత్తారు.

"రక్తదాతల లిస్టు నుంచి... సార్ ఉన్నారా అండీ?"

నా గొంతు ఆవిడ గుర్తుపట్టారు.

"లేరు బిడ్డా. పేరు తీసెయ్."

తీసేశాను. పేజీలు తయారుచేసి ఎక్కించాను. ఇప్పుడు ఎవరు తెరిచినా ఆయన పేరు కనబడదు. నా తెర మీద మాత్రం అంతకుముందు తెరిచిన పాత పేజీ ఉంది. మొదటి పేరు, పక్కన ఇంటి నంబర్. రిఫ్రెష్ నొక్కితే పోతుంది. ఇంకా నొక్కలేదు.