గొంతు పోయిన కంప్యూటర్

నాకు చూపు లేదు. పెద్దాపురంలో ఒక హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇంట్లో నా రాతపనంతా కంప్యూటర్ మీదే. తెర మీద ఉన్నదాన్ని అది పైకి చదువుతుంది, నేను వింటూ పని చేసుకుంటాను.

ఆ ఆదివారం పొద్దున్నే కాఫీ తాగి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కి మార్చడానికి కూర్చున్నాను. మర్నాడు తొమ్మిదో తరగతికి పరీక్ష. సగం తయారైన ప్రశ్నపత్రం అందులోనే ఉంది. మారడం అయ్యాక పూర్తి చేద్దామనుకున్నాను.

అంతా సవ్యంగానే సాగింది. చివర్లో, ఇక అవసరం లేని ప్యాకేజీలు, అంటే చిన్న చిన్న సాఫ్ట్‌వేర్లు, కొన్ని ఉన్నాయి, తీసెయ్యమంటారా అని అడిగింది. వాటి పేర్లు గుక్క తిప్పుకోకుండా చదివింది. అవసరం లేదని అదే చెబుతోంది కదా అని సరేనన్నాను. రీస్టార్ట్ చేశాను.

మామూలుగా మొదలవగానే పలకరిస్తుంది. ఆ రోజు పలకలేదు.

జాతర రోజులు. అమ్మవారి గరగలను తలకెత్తుకుని మా వీధిలోంచి ఊరేగింపు వెళ్తోంది. డప్పుల హోరులో వినపడలేదేమోనని స్పీకర్‌కి చెవి ఆనించాను. డప్పులు వీధి మలుపు తిరిగి దూరమయ్యాయి. అప్పుడూ ఏమీ లేదు. కీబోర్డు వేళ్ల కిందే ఉంది కానీ, నేను నొక్కినదానికి అవతల ఏం జరుగుతోందో తెలియదు.

వరండాలో జాకెట్లు కుడుతున్న నా భార్యను పిలిచాను.

"స్పీకర్ పాడైందేమోనండీ," అంటూ ఆవిడ మౌస్ పట్టుకుని ఒక పాట పెట్టింది. పాట చక్కగా వచ్చింది. అంటే శబ్దం ఉంది, చదివే గొంతే పోయింది. ఫోన్ కెమెరాతో తెరను చదివించబోతే ముక్కలు ముక్కలుగా ఏదో గొణిగింది.

కాకినాడలో బ్యాంకులో పనిచేసే మిత్రుడికి ఫోన్ చేశాను. ఆయనకూ చూపు లేదు, ఆయనా ఇలాంటి కంప్యూటరే వాడతారు.

"మాస్టారూ, ముందు ఇంకేదీ కదపకండి," అన్నారాయన. "సిస్టమ్ మొత్తం మళ్లీ ఎక్కించేద్దామని అసలే అనుకోకండి. ఏమేం తీసేసిందో అది ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటుంది. అది తెరిచి చూద్దాం. మీ ఆవిడగారు పక్కనున్నారా?"

"ఉందండి. కానీ తనకి ఇంగ్లీషు అంతగా రాదు."

"అక్షరాలు చదివితే చాలండి."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. కంప్యూటర్‌కి ఆదేశాలిచ్చే టెర్మినల్ తెరిచి, ఆయన చెప్పినట్టు నేను టైపు చేశాను. నా భార్య కుర్చీ లాక్కుని కూర్చుని, తీసేసిన ప్యాకేజీల పేర్లు ఒక్కో అక్షరం చదవడం మొదలుపెట్టింది.

"ఏంటండీ ఇవి, ఊపిరాడకుండా ఉన్నాయి!" అంది కాసేపటికి. మళ్లీ తనే అందుకుంది. "ఈ... ఎస్... పీ... ఈ... ఏ... కే..."

"ఆగాగు! మళ్లీ చదువు."

మళ్లీ చదివింది. "అదే!" అన్నాం నేనూ, ఫోన్లో ఆయనా ఒకేసారి. అక్షరాలను మాటగా పలికే ప్యాకేజీ అది.

"ఇది మీరు అడిగి పెట్టించుకున్నది కాదండి," అని వివరించారాయన. "ఇంకో ప్యాకేజీకి అవసరమై దాంతోపాటు వచ్చింది. కొత్త వెర్షన్లో ఆ ప్యాకేజీకి దీంతో పని లేకుండా పోయింది. దాంతో ఇది ఎవరికీ అక్కర్లేదనుకుంది సిస్టమ్."

"నాకు కావాలి కదండీ!"

"ఆ మాట దానికి మనం ఎప్పుడూ చెప్పలేదు మాస్టారూ."

తిరిగి ఎక్కించే ముందు, ఏం చేయబోతోందో ఉత్తినే చూపించమని అడగమన్నారు. దీన్ని తేవడానికి మరొకటి తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. నా భార్య చివరి వరుస చూసింది.

"తీసేసేవి అన్నచోట సున్నా ఉందండీ."

"సున్నాయేనా? సరిగ్గా చూడు."

"అబ్బ, సున్నాయేనండీ!"

అప్పుడు నిజంగా ఎక్కించాను. చదివే సాఫ్ట్‌వేర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. కాసేపటికి, "టెర్మినల్," అంది కంప్యూటర్.

ఒక్క మాటే. నా భార్య నా భుజం మీద చెయ్యి వేసి, "వచ్చేసిందండీ!" అని ఫోన్లోకి గట్టిగా చెప్పింది.

"ఇక్కడికీ వినపడిందమ్మా," అని ఆయన నవ్వారు.

ఫోన్ పెట్టేసే ముందు ఆయన ఇంకో పని చేయించారు. ఆ ప్యాకేజీని నేను కావాలని పెట్టుకున్నదిగా గుర్తు పెట్టించారు. ఇకమీదట అక్కర్లేనివి తీసేసేటప్పుడు దాని జోలికి పోదట.

భయంభయంగా ప్రశ్నపత్రం తెరిచాను. రాసినది రాసినట్టే ఉంది. నదుల మీద నేను సగంలో వదిలేసిన ప్రశ్నను కంప్యూటర్ తన వంకర యాసలో చదివింది. ఇంకోసారి చదివించుకున్నాను, వినాలనిపించి.

"మీ పని అయింది, నా జాకెట్లు మిగిలాయి. కుట్టమని ఇచ్చినవాళ్లు సాయంత్రం వచ్చేస్తారు," అంటూ ఆవిడ వరండాలోకి వెళ్లింది. మధ్యాహ్నానికల్లా ప్రశ్నపత్రం ప్రింట్ తీశాను. మామిడికాయ పప్పుతో అన్నం తిని మంచమెక్కినవాణ్ణి, వీధిలో డప్పులు మళ్లీ వచ్చి వెళ్లినా లేవలేదట.