బాంబు పట్టుకున్న మాస్టారు

మా ప్రొఫెసర్ గారి విగ్రహం ఆయన సొంతూరు చీరాలలో పెడుతున్నారని ఆయన కూతురు సుజాత ఫోన్ చేసింది. ఉదయాన్నే గుంటూరులో రైలెక్కాను. నేరుగా వెళ్ళే బళ్ళు తక్కువ, తెనాలిలో మారడమే మేలు.

అణు పరిశోధన రియాక్టర్ దగ్గర ఆయన కింద చాలా ఏళ్ళు పనిచేశాను. న్యూట్రాన్లను పదార్థంలోకి పంపి, అవి చెదిరే తీరునుబట్టి లోపలి అమరిక తెలుసుకోవడం ఆయన విద్య. నూలుపోగులో నీరెలా కదులుతుందో ఏళ్ళ తరబడి గమనించిన మనిషి. బాంబుల ఊసెత్తితే లేచి వెళ్ళిపోయేవారు.

బాపట్ల దాటాక పక్కసీటు మిర్చి వ్యాపారి సంగతంతా విని, "అయితే ఆయన బాంబు చెయ్యలేదా? మరి విగ్రహం దేనికండీ?" అన్నాడు. వెర్రి ప్రశ్న అనుకున్నాను. చీరాలలో విగ్రహం పెట్టిన కమిటీ మొత్తానిదీ అదే తెలివని తర్వాత తెలిసింది.

చీరాల స్టేషన్ ఎదుట ఇడ్లీ ఫరవాలేదు, కాఫీ జోలికి పోకండి. ఆటోలో విగ్రహం ఉన్న కూడలికి చేరేసరికి ఫ్లెక్సీ నిండా నాయకుల మొహాలు, మూల తపాలాబిళ్ళంత ప్రొఫెసర్ గారు, వెనక అణు విస్ఫోటనం. పొద్దున రావలసిన నాయకుడు భోజనాల వేళకు వచ్చాడు. మన శాస్త్రవేత్త చిన్నతనంలోనే వాడరేవు సముద్రపు ఒడ్డున న్యూట్రాన్ కనిపెట్టాడని సెలవిచ్చి ముసుగు లాగాడు. బంగారు రంగు. ఆయనకెన్నడూ లేని కోరమీసం. చేతిలో బాంబు.

దండ వెయ్యమని సుజాతను పిలిచారు. ఆమె గుంటూరులో సైన్సు టీచరు, గొంతు పెంచే అలవాటు లేదు.

"మా నాన్న చేతిలో బాంబు పెట్టి నన్ను దండ వెయ్యమంటారా? వెయ్యను. ముసుగు కప్పేయండి."

కమిటీ అధ్యక్షుడు నవ్వాడు. "బాంబు లేకపోతే ఎవరు గుర్తుపడతారమ్మా?"

ఎవరూ కదల్లేదు. ఆమే గుడ్డ అందుకుంది. రెండో కొస నేను పట్టుకున్నాను. ఇద్దరం కప్పేశాం. మైకు కట్టేసి పాటలు పెట్టారు, జనం బిర్యానీ వైపు నడిచారు. బాంబు పట్టుకున్న ఆ చెయ్యి తీయించేదాకా ఊరు కదలనని సుజాత బంధువుల ఇంట్లో ఉండిపోయింది.

సాయంత్రం తిరుగు రైల్లో ఫోను చూస్తే, కమిటీ అప్పుడే పెట్టిన ఫొటోలో మేం కప్పిన ముసుగు తీసేసి ఉంది. అది సుజాతకు పంపాను. "చూశానండి. మళ్ళీ వెళ్తున్నా," అని జవాబు.

చీరాల వెళ్ళేవాళ్ళు సముద్రం చూడండి, నేత చీరలు కొనుక్కోండి. ఆ కూడలిలో బంగారు మీసాల మనిషి కనిపిస్తే ఆయన మా గురువుగారు కాదు. ముసుగు కప్పి ఉంటే మాత్రం ఆగి, ఒక నమస్కారం పెట్టి వెళ్ళండి.