ముందు దూడకు, తర్వాత గడ్డానికి

కోదాడలో ఒక ఆయుర్వేద మందుల దుకాణం వాళ్లు మా మేనమామ మందును సీసాలో పోసి అమ్ముతున్నారు. అందులో సగమే మా మామది. నూనె ఉంది, దానితో చెప్పవలసిన మాట లేదు. సీసా మీద మాత్రం 'మాడుగులపల్లి పెద్దాయన యోగం, గడ్డం తామరకు' అని అచ్చు వేసుకున్నారు.

ఆ సీసా నా దగ్గరకు తెచ్చింది ఎవరో కాదు, మా మామ సొంత మనవడు. వరుసకు నాకు అల్లుడు. మాడుగులపల్లిలో నాలుగు బర్రెలు పెట్టుకుని మిర్యాలగూడలో పాలు పోస్తాడు. పోయిన వానాకాలం సూర్యాపేటలో మా ఇంటికి వచ్చినప్పుడు ముఖానికి తువ్వాల చుట్టుకుని ఉన్నాడు. విప్పితే కుడి దవడ మీద వెంట్రుకలు ఊడి, చీము పొక్కులు గుంపుగా లేచి ఉన్నాయి. రెండు నెలలుగా ఆ నూనె పూస్తున్నాడట, రోజు విడిచి రోజు నున్నగా గడ్డం గీసుకుంటూ. "తాత మందు పనిచేస్తలేదు మామా," అన్నాడు. ఆ పొక్కులు వాణ్ని ఎంత మండించాయో తెలియదు గానీ, ఆ మాట నన్ను మండించింది. చీము పట్టాక నూనెలు నమ్ముకోవద్దని అనేవాడు మా మామే. అందుకని వాణ్ని ఆ పూటే మిర్యాలగూడలో చర్మం డాక్టరు దగ్గరికి తోలాను. చాలా రోజులు మాత్రలు మింగాడు, తగ్గింది. దవడ మీద రూపాయి బిళ్లంత మేర మాత్రం ఇక వెంట్రుక మొలవదట.

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. తర్వాత చదువంతా పొట్లాల కాగితాల మీద, సీసాల చీటీల మీద. అందుకేనేమో, ఒక చీటీలో ఏముందో కంటే ఏం లేదో నాకు ముందు కనబడుతుంది.

మా మామ బోర్డు కట్టిన వైద్యుడు కాడు. గొర్లు, బర్రెలు మేపుకునేవాడు. నాకు మీసాలు మొలిచే వయసులో ఒక వానాకాలమంతా ఆయన ఇంట్లో ఉన్నాను, పాలు పిండటం నేర్చుకుంటూ. మా దిక్కు మగవాళ్లకు ఒక అలవాటు. బర్రె డొక్కకు చెంప ఆనించి కళ్లు మూసుకుని పిండుతారు. పాలు చేపడానికి విడిచిన దూడను మళ్లీ లాగేటప్పుడు దాని మెడను గడ్డంతో అదిమి పట్టుకుంటారు. వెచ్చగా, పేడవాసనతో, సగం నిద్రలో ఉన్నట్టు హాయిగా ఉంటుంది. తామర ఎక్కేది అక్కడే. నాకూ ఎక్కింది. గడ్డం పట్టుకుని ఎవరొచ్చినా మా మామ గడ్డం వంక చూసేవాడు కాదు, ముందు దూడను తోలుకురమ్మనేవాడు. దాని కళ్ల చుట్టూ బూడిద చల్లినట్టు గుండ్రటి మచ్చలుండేవి. వేపపట్ట, కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ వేసి కాచిన నీళ్లతో ముందు దానికి కడిగి, కానుగ నూనెలో పసుపు, చిటికెడు గంధకం కలిపి పూసేవాడు. ఆ తర్వాతే మనిషికి. మనిషి తువ్వాల వేరేగా ఉడకబెట్టించేవాడు. నలభై రోజులు కత్తి గానీ బ్లేడు గానీ ముట్టనిచ్చేవాడు కాదు; మరీ పెరిగితే కత్తెరతో పైపైన కత్తిరించాలి, అంతే. దారిలో కలిసినవాళ్లు ఏ దేవుడికి మొక్కుకున్నావని నన్ను అడిగేవాళ్లు. కానుగ చేదు వాసనకు ఈగలు కూడా నా దగ్గరికి రాలేదు, ఇక మనుషులెందుకు వస్తారు.

మీసం మెలేసి తిరిగే మా పెద్దబావకు ఈ పద్ధతి తలకొట్టేసినట్టయింది. తనను బర్రెదూడ తర్వాత నిలబెడతావా అని మామ మీద లేచాడు. మామ నూనె కలుపుతూనే, "దుడ్డె బ్లేడు పట్టది అల్లుడా. అందుకే దానికి ముందుగాల తగ్గుతది," అన్నాడు.

ఈ సగమే కోదాడ సీసాలో లేదు. నేను కార్డు రాశాను. జవాబు లేదు. ఇంకోటి రాశాను. మూడోది రిజిస్టర్ చేస్తే, అందినట్టు సంతకం వచ్చింది గానీ మాట రాలేదు. బస్సెక్కి నేనే పోయాను. దుకాణం యజమాని లేడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న గుమాస్తా మర్యాదస్తుడే. అంతా విని, "తాతగారూ, లేబుల్ మీద అంత రాయడానికి చోటెక్కడుందండీ?" అన్నాడు.

"సింహానికి దొరికింది గదా జాగ," అన్నాను. సీసా మీద జూలు విరబోసుకున్న సింహం బొమ్మ ఉంది. "దాన్ని దింపి దుడ్డెను ఎక్కియ్యి."

నవ్వాడే తప్ప మాటివ్వలేదు. ఇంటికొచ్చి నాలుగో ఉత్తరం మొదలుపెట్టాను. ఎనిమిది పేజీలయింది. మామ ఎట్లా చూసేవాడో, ఏది ముందో ఏది వెనకో, ఎప్పుడు దవాఖానకు పంపేవాడో అన్నీ రాశాను. రాస్తుంటే తెలిసింది, ఇదంతా తెలిసినవాణ్ని నేనొక్కణ్నే మిగిలానని. కాలం మందునేమీ చేయలేదు, దాన్ని వాడే తీరునే నోటి నుంచి నోటికి పోనీయకుండా మధ్యలో ఎక్కడో జారవిడిచింది. మీ దగ్గరికి మళ్లీ వస్తాను, అచ్చు వేసేదాకా వస్తూనే ఉంటాను అని చివర రాశాను.

పోయిన వారం జవాబు వచ్చింది. యజమాని తన చేత్తోనే రాశాడు:

"తాతగారికి నమస్కారం. మీ ఉత్తరాలు అన్నీ అందాయండి. లేబుళ్ల ఖర్చుకు జంకి ఊరుకున్నాను, తప్పు నాదే. ఈ యోగం నాకు మా నాన్న చెప్పారు. ఆయన వయసులో ఉండగా మీ మామగారి దగ్గరే పూయించుకున్నారట. దూడ సంగతి మాత్రం మాకెప్పుడూ చెప్పలేదు. మీ ఎనిమిది పేజీలూ చదివి వినిపిస్తే దూడ ఉన్న పేజీ మళ్లీ చదివించుకున్నారు. తర్వాత, 'దుడ్డెకు పూసినంకనే నాకు పూసిండురా. నలుగురిల ఎట్ల చెప్పుకుంట?' అన్నారు. సీసాలు వెనక్కి తెప్పిస్తున్నాను. కొత్త చీటీని నాన్నే దగ్గరుండి రాయించారు. మొదటి వరుస ఇది: ముందు మీ దూడను చూడండి."